తాడు మడి కట్టుకుంది

అమెరికా వాళ్ళకు మడి తెలియదని మనవాళ్ళు తీసిపారేస్తుంటారు. 2010 జూన్ ఆఖరున లూజియానా తీరంలో ఒక తాడు మడి కట్టుకుంది. దాన్ని ముట్టుకోవడం మాట అటుంచి, 65 అడుగుల దగ్గరికి ఎవరూ పడవేసుకుని రాకూడదు. వచ్చారా, 40 వేల డాలర్ల వరకు జరిమానా. అప్పటి రేటులో 18 లక్షల రూపాయల పైమాట. తెలిసీ కావాలనే వచ్చారని తేలితే జరిమానాతో పోదు, క్రిమినల్ కేసు. మొదట 300 అడుగులు అనుకున్నారట, తరవాత దయతలచి 65కి దించారు. ఏ పంచాంగం చూసి దించారని అడక్కండి. మడికి కారణం అడిగినవాడు ఎప్పుడు బాగుపడ్డాడు!

తాడు అన్నాను గానీ దాని అసలు పేరు బూమ్. నీళ్ళ మీద తేలే పొడుగాటి గొట్టం, దాని కింద నీళ్ళలోకి వేలాడే గుడ్డ కుచ్చెళ్ళు, కుచ్చెళ్ళు పైకి లేచిపోకుండా అంచున బరువు. చమురు తెట్టు ఒడ్డుకు రాకుండా దీన్ని అడ్డంగా పరుస్తారు. నీళ్ళు నిలకడగా ఉన్న చోట బాగానే పనిచేస్తుంది. అల లేస్తే చమురు దాని పైనుంచి దూకుతుంది. ప్రవాహం, మనిషి నింపాదిగా నడిచే వేగంలో సగం ఉంటే చాలు, చమురు దాని కిందినుంచి దూరిపోతుంది. గాలి తిరిగితే ఆ తాడే ఒడ్డుకు కొట్టుకొచ్చి రెల్లులో చుట్టుకుంటుంది. లూజియానాలో ఈ మూడూ జరిగాయి.

మా నాయనమ్మ మడిలో ఉంటే పిల్లలం వసారా దాటకూడదు. దాటితే వీపు విమానం మోత. ఆవిడ పిల్లి మాత్రం పాలగిన్నె దాకా వెళ్ళి మీసాలు తుడుచుకుని వచ్చేది. పిల్లికి మడి వర్తించదు, ఎందుకంటే దానికి చెప్పినా అర్థం కాదు. మెక్సికో గల్ఫ్‌లో చమురుకూ అదే మర్యాద దక్కింది. దానికెవరూ 65 అడుగుల నోటీసు ఇవ్వలేదు.

ఆ చమురు ఎక్కడిదో కొంచెం గుర్తు చేసుకుందాం. 2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. రెండు రోజులకు రిగ్గు మునిగింది. సుమారు 5 వేల అడుగుల లోతున, సముద్రం అడుగున, బీపీ కంపెనీ బావి నోరు తెరుచుకుంది. రోజుకు ఎంత కారుతోందయ్యా అంటే మొదట వెయ్యి పీపాలన్నారు. వారం తిరక్కుండా 5 వేలన్నారు. మే నెలాఖరుకు 12 వేల నుంచి 19 వేలయింది. జూన్ నడిమికి 35 వేల నుంచి 60 వేలు. చివరికి ఆగస్టులో, బావికి మూత పడ్డాక, మొదట్లో రోజుకు 62 వేల పీపాలు కారిందని ప్రభుత్వమే తేల్చింది. అంటే మొదటి లెక్కకు 62 రెట్లు. ఇంతటి గణిత శాస్త్రజ్ఞులు పడవ దూరం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అడుగుతో సహా లెక్క కట్టారు. 60 కాదు, 70 కాదు, సరిగ్గా 65.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. చమురు తెట్టు ఉన్న నీళ్ళలో పడవలను అదుపు చేయడం తప్పేమీ కాదు. జోరుగా పోయే పడవ లేపే అల బూమ్‌ను దొర్లించగలదు, తెంచగలదు. నీళ్ళలో వంగి పనిచేసేవాళ్ళకు అది ప్రమాదం. పడవ పొట్టకు అంటిన చమురు శుభ్రంగా ఉన్న రేవుకు కూడా చేరుతుంది. చేపల వేట ఆపడం ఇంకా సబబు, విషం తిన్న రొయ్యను ఎవరి కంచంలో వేస్తాం? జూన్ మొదట్లో అక్కడ వేటకు మూసేసిన సముద్రం 88 వేల చదరపు మైళ్ళ పైన. మన రెండు రాష్ట్రాలను ఒకదాని పక్కన ఒకటి పరిస్తే వచ్చే నేలలో అయిదింట నాలుగు వంతులు. దాని మీద నాకు పేచీ లేదు.

నా పేచీ కొలబద్దతో. అల పుట్టేది పడవ వేగం నుంచి. బూమ్ తెగుతుందన్నదే భయమైతే, ఇక్కడ నెమ్మదిగా పొండి, ఇంజను తగ్గించండి, తాడు మీదుగా దాటకండి అంటే సరిపోయేది. పడవ నడిపే ప్రతివాడికీ అర్థమయ్యే మాట అది. కానీ ఉత్తర్వు దూరం గురించి వచ్చింది. తెడ్డు వేసుకుంటూ మెల్లగా వచ్చేవాడూ నేరస్థుడే. దూరం అన్నది అలను కొలిచేది కాదు, చూపును కొలిచేది.

65 అడుగుల నుంచి ఏం కనిపిస్తుందో ఆలోచించండి. బూమ్‌లు చాలా చోట్ల కట్టింది పెలికాన్లు గూళ్ళు పెట్టుకున్న చిన్న చిన్న దిబ్బల చుట్టూ. ఒడ్డుకు కొంత దూరంలో తాడు, తాడుకు 65 అడుగుల దూరంలో మీరు. ఆ గోధుమరంగు పెలికాను లూజియానా రాష్ట్ర పక్షి. అది పుట్టుకతో గోధుమరంగా, చమురులో మునిగి గోధుమరంగా అన్నది అంత దూరం నుంచి తేల్చడం కష్టం. తాడు లోపల చమురుందా, బయట ఉందా అన్నది ఇంకా కష్టం. దగ్గరికి వెళ్ళాలంటే న్యూ ఆర్లీన్స్ రేవు కెప్టెన్ అనుమతి తెచ్చుకోవాలి. దేవుడు ఎదురుగానే ఉన్నాడు, పూజారి గర్భగుడి తలుపు వేసుకున్నాడు.

ఈ ఉత్తర్వు ఇచ్చిన కోస్ట్ గార్డ్ వాళ్ళు చెప్పిన కారణం పనివాళ్ళ రక్షణ, బూమ్ రక్షణ. సరే. ఉత్తర్వు వచ్చిన పన్నెండు రోజులకు, జూలై 12న, విలేఖరులకు ఈ నియమం వర్తించదని సడలించారు. అప్పటికే పత్రికలు, టీవీలు నెత్తీనోరూ కొట్టుకున్నాయి మరి. నాకు అర్థం కాని శాస్త్ర రహస్యం ఇదే. ఆ పన్నెండు రోజుల్లో విలేఖరి పడవ అల లేపడం మానేసిందా? గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుంటే ఇంజను సొద తగ్గుతుందా? పోనీ మొదటినుంచీ భయం అల గురించి కాదేమో అని నాబోటివాడికి అనుమానం వస్తే, దానికి బాధ్యుణ్ణి నేను కాను.

ఆ అనుమానం రావడానికి మేలోనే ఒక చిన్న సంఘటన జరిగి ఉంది. లూజియానాలోని సౌత్ పాస్ దగ్గర ఒక టీవీ బృందం చమురు పట్టిన ఒడ్డును తీయబోతే, కోస్ట్ గార్డ్ మనుషులున్న పడవ వచ్చి వెనక్కి పొమ్మంది. ఎందుకంటే, ఇవి మా నియమాలు కావు, బీపీ నియమాలు అన్నారు. నీళ్ళు దేశానివి, పడవ సర్కారుది, నియమం కంపెనీది. మన ఊళ్ళో దొంగే పంచాయతీకి పెద్దరికం చేసిన కథలు చాలా ఉన్నాయి గానీ, పోలీసు జీపులో కూర్చుని చేసినవి తక్కువ.

మడిలో ఇంకో సూక్ష్మం ఉంది. అందరికీ ఒకేలా వర్తించదు. మిసిసిపి నది మీదుగా న్యూ ఆర్లీన్స్‌కు పోయే పెద్ద ఓడలను ఎవరూ ఆపలేదు. చమురులోంచి వచ్చిన ఓడకు పొట్ట కడిగి పంపేందుకు నది మొగ దగ్గర ప్రత్యేకంగా ఏర్పాట్లు చేశారు. ఓడ స్నానం చేసి మడిగా నదిలోకి వెళుతుంది. రొయ్యల పడవ మాత్రం మైల పడినట్టు దూరంగా నిలబడాలి.

మరి రొయ్యల పడవకు శుద్ధే లేదా అంటే ఉంది. బీపీ దగ్గర కూలికి చేరితే చాలు. వేట పోయిన పడవలను కంపెనీ వేల సంఖ్యలో అద్దెకు తీసుకుంది. పడవ పొడుగును బట్టి రోజుకు 1,200 డాలర్ల నుంచి 3,000 దాకా. అదే పడవ, అదే సరంగు, అదే ఇంజను. కంపెనీ పని మీద ఉన్నరోజు బూమ్‌ను చేత్తో పట్టి లాగొచ్చు, ముడి వేయొచ్చు, దాని పక్కనే అన్నం తినొచ్చు. పని లేనిరోజు అదే బూమ్‌కు 60 అడుగుల్లో కనిపిస్తే నేరస్థుడు. మొదట రాసిన కాంట్రాక్టుల్లో నోరు మూసుకోవాలనీ, కంపెనీ మీద దావా హక్కు వదులుకోవాలనీ షరతులు కూడా పెట్టారు. వాళ్ళలో వియత్నాం నుంచి వలస వచ్చిన జాలర్లు చాలామంది, కాంట్రాక్టు మాత్రం ఇంగ్లీషులో. కోర్టుకెక్కితే మే నెల మొదట్లోనే ఆ షరతులు చెల్లవన్నారు. కాంట్రాక్టు కాగితం మీద మూసిన నోరు తెరుచుకుందని కాబోలు, రెండు నెలలకు నీళ్ళ మీద కళ్ళు మూశారు.

ఆ రోజుల్లో ఏ ఆటంకమూ లేకుండా నీళ్ళ మీద తిరిగిన పడవ కూడా ఒకటుంది. దాని పేరు బాబ్. జూన్ 19న ఇంగ్లండులో ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ జరిగిన తెరచాప పడవల పోటీలో పాల్గొంది. దాని సొంతదారుల్లో ఒకరైన టోనీ హేవర్డ్ ఆనాటి బీపీ అధిపతి, ఆ శనివారం ఆయనా పోటీ చూడడానికి వెళ్ళారు. అంతకు రెండు రోజుల ముందే అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు కూర్చుని, అడిగిన ప్రతిదానికీ నాకు తెలియదు, ఆ నిర్ణయంలో నేను లేను అని చెప్పి అలసిపోయి ఉన్నారు. అలసిన మనిషికి గాలి మార్పు అవసరం. ఆ నీళ్ళు శుభ్రంగా ఉంటాయి కూడా. ఆయనను తప్పు పట్టను. ఆయన కంపెనీ గల్ఫ్ కోసం రాసుకున్న చమురు ప్రమాద ప్రణాళికలో వాల్రస్‌లను కాపాడే సంగతి ఉంది. వాల్రస్ ఉత్తర ధ్రువపు మంచుగడ్డల మీది జంతువు. కోనసీమ వరదల ప్రణాళికలో ఒంటెల గ్రాసానికి పద్దు రాసినట్టన్నమాట. ఇంకో మూడు పెద్ద కంపెనీల ప్రణాళికల్లోనూ అవే వాల్రస్‌లు ఉన్నాయని తరవాత బయటపడింది. పరీక్షలో పక్కవాడి పేపర్లో చూసి రాసేవాడు కూడా పేరు మార్చుకుంటాడు!

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అంటారా? మన దగ్గర ఇంత మడి లేదు. అసలు తాడే ఉండదు కదా.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర, కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. పోర్టు మొదటి ప్రకటనలో పర్యావరణానికి నష్టం లేదన్నారు. తరవాత నల్లటి ముద్ద ఒడ్డుకు వచ్చింది. ఉప్పునీళ్ళు కలిసి ఉండ కట్టిన చమురును పంపులు లాగలేకపోయాయి. అప్పుడు వచ్చింది మన సాంకేతిక విప్లవం, ప్లాస్టిక్ బకెట్. చమురు ఏ గంటకు ఎటు పోతుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కంప్యూటర్ మీద గీసి చూపగలదు. ఎత్తడానికి మాత్రం జాలర్లు, విద్యార్థులు, కోస్ట్ గార్డ్ జవాన్లు వరసగా నిలబడి చేతులు మార్చుకున్నారు. ఎవరూ 65 అడుగులనలేదు. ఎంత దగ్గరికి వస్తే అంత మంచిది, బకెట్ అందుతుంది.

దాదాపు ఏడేళ్ళకు మళ్ళీ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాని వాన ముందే చెన్నైని ముంచింది. మణలి రిఫైనరీ వైపునుంచి వరదనీళ్ళతో చమురు బకింగ్‌హాం కాలువలో పడి ఎన్నూరు ఉప్పుటేరులోకి చేరింది. బకింగ్‌హాం కాలువ అంటే ఎక్కడో కాదు, పులికాట్ మీదుగా మన పెదగంజాం దాకా వచ్చే కాలువే. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మోసింది, ఇప్పుడు ఇది. మొదటి రోజుల్లో అక్కడ చమురు ఎత్తింది ఏ ఊరి నీళ్ళు పాడయ్యాయో ఆ ఊరి జాలర్లే. సొంత పడవల్లో, చెంబులతో, డ్రమ్ములతో. మడ చెట్ల మొదళ్ళు నల్లబడ్డాయి, వలలు నల్లబడ్డాయి, మనుషులు మోచేతుల దాకా నల్లబడ్డారు. ఇక్కడ పడవను దూరంగా ఉండమన్నవాడు లేడు. అక్కడ చూస్తుందని పొమ్మన్న పడవనే ఇక్కడ ఎత్తుతుందని రమ్మన్నారు.

తరవాత తమిళనాడు ప్రభుత్వం సాయం ప్రకటించింది. చమురు పట్టిన 787 పడవలకు, మరమ్మతు ఖర్చు కింద, పడవకు 10 వేల రూపాయలు. అంటే లూజియానాలో పడవ వెళ్ళి బూమ్ దగ్గర నిలబడితే 18 లక్షల దాకా, ఎన్నూరులో చమురే వచ్చి పడవకు అంటుకుంటే 10 వేలు. డాలరు రేటు పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఇందులో మొదటి లెక్క ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. రెండోది చూసుకోనక్కర్లేదు.