మన్మథుడికి అయిదు, యూనికోడ్‌కు 112

మా కూచిపూడిలో బాణం వెయ్యడానికి కీబోర్డు అక్కర్లేదు. ఎడమ చేత శిఖరం, కుడి చేత కటకాముఖం పట్టి, కళ్లు కాస్త ఓరగా తిప్పితే మన్మథుడు దిగివచ్చినట్టే. పదేళ్ల పిల్ల వేసినా ఆ బాణం సత్యభామకే తగులుతుంది తప్ప ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులకు తగలదు. అదే ఊళ్లో ఇంటర్ పిల్లలకు ప్రమేయాలు చెప్పుకునే నేను మాత్రం ఎ నుంచి బి కి ఒక్క బాణం వేయించడానికి పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ బస్సెక్కాలి.

"బాణమా మేష్టారూ, దానికేముందండీ, గీసేస్తాగా!" అన్నాడు డీటీపీ కుర్రాడు. అన్నట్టే గీశాడు. పేజ్‌మేకర్‌లో ఓ సన్నగీత, దాని కొసన బుల్లి త్రిభుజం. చూడముచ్చటగానే ఉంది. ప్రూఫులో పైన ఒక్క వాక్యం చేర్చమన్నాను. అక్షరాలన్నీ బుద్ధిగా ఓ వరస కిందికి జరిగాయి. బాణాలు జరగలేదు. అవి బొమ్మలు, అక్షరాలతో వాటికి ఏ చుట్టరికమూ లేదు. కింద ఎ, బి లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోతే, వాటి మధ్య ఉండాల్సిన బాణం పై వరసలో "ప్రతి ప్రశ్నకు 4 మార్కులు" అన్నచోట 4 గుండెల్లో దిగబడింది. "మార్కులు కొట్టేశారాండీ?" అని ఓ పిల్లాడు అడిగాడు. వాడి తప్పేముంది!

గీతలు వద్దు, టైపే ముద్దు అనుకుని తోటి లెక్చరరొకాయన వర్డ్‌లో రెండు అడ్డగీతలూ ఒక 'పెద్దది' గుర్తూ కొట్టారు. కొట్టగానే నిగనిగలాడే బాణం తయారు. మెయిల్లో నా దగ్గరికి వచ్చేసరికి బాణం లేదు, నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఫ్రెంచి 'ఎ' ఉంది. ఆ దొడ్డిదారిన వచ్చేది వింగ్‌డింగ్స్ ఫాంటు బాణం. లోపల ఉన్నది ఆ ఫ్రెంచి అక్షరమే, పైన బాణం వేషం. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే తెర దించేదాకా సత్యభామే. ఈ అక్షరానికి అంత నిష్ఠ ఎక్కడిది? పొలిమేర దాటగానే వేషం విప్పేసింది. మన పాత డీటీపీ తెలుగు ఫాంట్లదీ ఇదే భాగోతం.

అసలు యంత్రాలకు బాణమంటే మొదట్నుంచీ చిన్నచూపే. గణితంలో అవధులకు లీథమ్ అనే ఆయన 1905లోనే బాణం వాడాడు. 1908లో హార్డీ తన పుస్తకంతో దాన్ని ఊరూరా పాకించాడు. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీయే. తీరా 1963లో అమెరికావాళ్లు కంప్యూటర్లకు ఆస్కీ అనే అక్షరమాల కడితే అందులో పైకో బాణం, ఎడమకో బాణం పెట్టారు. మాకు నిత్యం కావాల్సిన కుడిబాణం ఊసే లేదు. 1967లో ఆ రెండూ ఊడబెరికి, ఒకచోట గొడుగు గుర్తు, ఒకచోట కిందిగీత కూర్చోబెట్టారు.

ఆ లోటంతా యూనికోడ్ వడ్డీతో తీర్చింది. బాణాలకని విడిగా ఒక అరే ఇచ్చి, అందులో 112 పెట్టింది. మన్మథుడు అయిదింటితోనే ముల్లోకాలనూ ఏలాడు, మరి వీళ్లకు ఇన్నెందుకో! మొత్తం తెలుగు లిపికి దక్కిన గళ్లు 128 అని గుర్తుచేసుకుంటే కాస్త కడుపుమంట కూడా. ప్రమేయానికి వాడే → నంబరు 2192. 'అయితే' అనడానికి ⇒ వేరు, ఏ మూలకం ఎక్కడికి వెళ్లిందో చెప్పే ↦ వేరు. యూనికోడ్‌ను బైట్లలోకి మార్చే యూటీఎఫ్-8లో తూకం వేస్తే మన 'అ' అయినా ఈ బాణమైనా మూడేసి బైట్లే. అక్షరంగా పుట్టింది కాబట్టి అక్షరాలతోపాటే కదులుతుంది, మెయిలెక్కినా వేషం మార్చదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసే తోటి మేష్టార్లకు నా మనవి ఒక్కటే. బాణాన్ని ఎవరినీ గీయనివ్వకండి. వర్డ్‌లో 2192 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. అచ్చుకిచ్చే ముందు మీ డీటీపీ కుర్రాడు వాడేది యూనికోడ్ ఫాంటేనా కాదా అని అడగండి. కాదన్నాడా, ప్రూఫు రెండుసార్లు చూసుకోండి.