సంగీతానికో అకామా

కర్ణాటక సంగీతంలో ఒక పాత నమ్మకం ఉంది. వరాళి రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే గురుశిష్యులకి చెడుతుందట. అందుకే త్యాగరాజస్వామి పంచరత్నాల్లో వరాళి కీర్తన దగ్గరికి వచ్చేసరికి ‘విని పట్టుకో నాయనా’ అని తప్పుకునే గురువులుండేవారు.

కువైట్‌లో మా అమ్మాయికి ఆ గండం రాలేదు. వరాళి దాకా ఎందుకు, మాయామాళవగౌళలోనే చెడింది.

సాల్మియాలో ఓ ఫ్లాటు. శుక్రవారం శుక్రవారం పాఠం. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు అంటూ 16వ శతాబ్దంలో పురందరదాసు కట్టిన మెట్లు అవి. మా అమ్మాయి మూడో వరసలో ఉండగా ఉగాది సంబరాలొచ్చాయి. పంతులమ్మగారు మెట్లన్నీ మానేసి లిఫ్టెక్కించి, పిల్లని తిన్నగా అన్నమయ్య కీర్తన దగ్గర దింపారు. పట్టుపావడాకి వేరే, ట్రాకుకి వేరే, వీడియోకి వేరే. దినార్లు లెక్కపెట్టడంలో ఆవిడకి తాళం ఎప్పుడూ తప్పలేదు. ఇంటికొచ్చాక ‘ఏదీ, ఆధార షడ్జం అందుకోమ్మా’ అన్నాను. ‘అది పంతులమ్మగారి ఫోన్లో ఉంది నాన్నా’ అంది.

సరే, గురువుని మారుద్దామనుకున్నాం. కొత్తావిడ అన్నారు: ‘ముందు ఆవిణ్ణి ఒకమాట చెప్పమనండి.’ పాతావిడ చెప్పరు. అకామా (నివాస అనుమతి) మార్చుకోవడానికి కఫీలు (పూచీ ఉన్న యజమాని) ఒప్పుకోవాలన్నట్టుంది వ్యవహారం. పైగా పిల్ల స్వరాల నోటుబుక్కు ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఇంటిపనివాళ్ల పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం చెబుతోంది. సంగీతం నోటుబుక్కు ఊసు అందులో లేదు.

ఈ గోడు ట్యాక్సీలో మా ఆవిడతో వెళ్లబోసుకుంటుంటే డ్రైవరు అందుకున్నాడు. రాజంపేట మనిషి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక వాళ్లకి పక్కూరే.

‘నన్ను ఇడిసేదానికి మా కఫీలు మూడొందల దినార్లు అడిగినాడు సార్. మీ పంతులమ్మ ఎంత అడుగుతాంది?’

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తల్లిదండ్రులమైన మనమూ తక్కువ తినలేదు. ఆర్నెల్లలో వర్ణం, ఏడాదిలో కచేరీ, ఆ సాయంత్రానికే యూట్యూబు కావాలంటాం. వంటింట్లో అన్నం ఉడకకుండా విస్తరి వేయమనేది మనమే.

త్యాగరాజస్వామి రాజుగారి కానుకలు కాదన్నారంటారు. మీరూ ఉంఛవృత్తికి బయల్దేరండని పంతులమ్మలనీ పంతుళ్లనీ ఎవరూ అడగడం లేదు. సాల్మియా అద్దెలు మాకూ తెలుసు. ఫీజు ఎంతైనా మొదటి రోజే చెప్పండి. స్టేజీ ఖర్చు ఉంటే అదీ అప్పుడే చెప్పండి. తలుపు తీసి పాఠం చెప్పండి, తల్లో తండ్రో వచ్చి కూర్చుంటే విసుక్కోకండి. వరస రాని పిల్లని కీర్తనలోకి తోయకండి. మానేస్తానంటే ఇంకో గురువు దగ్గరికి మీరే ఆశీర్వదించి పంపండి. శిష్యుడికి గురువు అక్కర్లేకుండా చేయడమే గురువు పని. కఫీలు పని వేరు.

మేం కొత్త నోటుబుక్కు కొన్నాం. మళ్లీ మొదటి వరస. మీ పిల్లల నోటుబుక్కు ఎవరి దగ్గరుందో ఈ శుక్రవారం ఓసారి చూసుకోండి.