చెత్తబుట్టకు చదువొచ్చింది

మన జిల్లాల్లో ఏ సైన్స్ ఎగ్జిబిషన్‌కైనా వెళ్ళండి, ముందుగా పలకరించేది చెత్తబుట్టే. చెయ్యి చూపితే మూత తెరుస్తుంది, నిండితే హెడ్మాస్టరుగారి ఫోనుకు మెసేజ్ పెడుతుంది. పేరు స్మార్ట్ డస్ట్‌బిన్. పక్క బల్ల మీద ఇంకోటి, ఆ పక్కన మరోటి. అన్నిటికీ అదే ఆర్డునో బోర్డు, అదే యూట్యూబ్ వీడియో, పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే అదే ఉపన్యాసం. ఒకప్పుడు ఎక్కాలు బట్టీ పట్టించాం. ఇప్పుడు కోడ్ బట్టీ పట్టించి ఇన్నోవేషన్ అంటున్నాం.

బుట్ట నిండిన కబురు ఇంటర్నెట్టెక్కి, ఎక్కడి సర్వర్‌కో వెళ్ళి, తిరిగొచ్చి అదే గదిలో ఉన్న హెడ్మాస్టరుగారి జేబులో మోగుతుంది. ఆయన వెంటనే ఆయమ్మను కేకేస్తారు. ఆ కేకకు మాత్రం ఇంకా సెన్సార్ రాలేదు!

ఇలాంటి ప్రయోగాల కోసమే 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. 2025 బడ్జెట్టులో, ఐదేళ్ళలో సర్కారు బడుల్లో 50,000 ల్యాబ్‌లన్నారు. పిల్లలు విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. కానీ వస్తువు స్టాక్ రిజిస్టర్‌కెక్కాక పాడైతే జవాబు చెప్పేదెవరు? కాబట్టి చాలాచోట్ల బీరువాకు తాళం. తనిఖీ రోజున దర్శనం.

నా కోపం సెన్సార్ మీద కాదు. బుట్టకు కళ్ళలా కనిపించే ఆ రెండు డబ్బీల్లో ఒకటి మన చెవికందని 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదులుతుంది, రెండోది దాని ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. పోయిరావడానికి పట్టిన కాలాన్ని ధ్వని వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే దూరం. ఆ వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండ కాసినప్పుడు దాదాపు 358. కోడ్‌లో 343 అని రాసిపెట్టిన బుట్ట, ఆ ఎండలో అరమీటరు దూరంలోని గోడను రెండు సెంటీమీటర్లు దగ్గరగా చూపిస్తుంది. ఎందుకలా అని ఒక్క పిల్ల తలగోక్కుంటే అసలు సైన్సు క్లాసు అక్కడే మొదలవుతుంది. కానీ మన బుట్ట నీడపట్టునే ఉంటుంది, కలెక్టరుగారొచ్చి రిబ్బన్ కత్తిరించాలిగా.

ఈసారి మిమ్మల్ని జడ్జిగా పిలిస్తే ఉపన్యాసం ఆపించి ఒక వైరు పీకెయ్యండి. వెతుక్కుని మళ్ళీ పెట్టుకోగలిగిన పిల్లకు మొదటి బహుమతి ఇవ్వండి.