రేటు పడిపోతుంది, మెల్లగా మాట్లాడండి

మా కాలనీ పేరు చెప్పను. చెబితే రేటు పడిపోతుంది. హైదరాబాద్‌కు పడమటి వైపు, ఐటీ మేడలకు కూతవేటు దూరంలో, ఒకప్పుడు జొన్నచేలూ ఓ కుంటా నాలుగు తాటిచెట్లూ ఉన్నచోట ఉంటాం. ఇంతకుమించి ఆనవాళ్లిస్తే అసోసియేషన్ వాళ్లు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి వెలేస్తారు. అదేం చిన్న శిక్ష కాదు, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలిసేది అందులోనే.

ఇక్కడ ఏ ఇంటికెళ్లినా రెండు లెక్కలు నోటికి వచ్చి ఉంటాయి. సంపులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయి, గజం ఎంత పలుకుతోంది. మొదటిది దిగుతున్నకొద్దీ రెండోది ఎక్కుతోంది. ఇదెలా సాధ్యమో ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్లు చెప్పాలి. రెండోది ఎక్కుతున్నంతకాలం మొదటిదాని గురించి నోరెత్తకూడదన్న క్రమశిక్షణ మాత్రం మాకు బాగా అబ్బింది.

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ సాయంత్రం మా సెల్లార్‌లో మైసూర్‌పాక్ పంచారు. ఆ ఎకరం మాది కాదు. మా తాతలదీ కాదు. అమ్మింది సర్కారు, కొన్నది కంపెనీ. అయినా పెద్దమనుషులంతా ఫోన్లు తీసి, ఆ కోట్లను 4,840 గజాలతో భాగించి, గజం రెండు లక్షలు దాటిందని తేల్చి, ఎవరి వాటా వాళ్లు మనసులో జమ వేసుకున్నారు. "నల్లా వచ్చి వారమైంది కదండీ" అన్నాడు రెండో అంతస్తాయన. పెళ్లిపందిట్లో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు ఆయన్ని.

నిజానికి ఈ నగరంలో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితం. మీటరు బిగించాలి, ఆధార్ ముడిపెట్టాలి. మేం రెండూ చేశాం. మీటరు తిరుగుతుంది కూడా, గాలికి. గోదావరి ఎల్లంపల్లి నుంచి, కృష్ణ నాగార్జునసాగర్ నుంచి నూరేసి కిలోమీటర్లకు పైగా పైపుల్లో పడి వస్తాయి. సరిగ్గా మా వీధి మలుపు దగ్గరే వాటికి ఆయాసం పట్టుకుంటుంది. బిల్లులో సున్నా, బకెట్లో సున్నా. లెక్క ఎక్కడా తేడా రాలేదు కాబట్టి పథకాన్ని తప్పుపట్టడానికి లేదు. ఫిర్యాదు పెడితే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. నీళ్లకన్నా ఆ మెసేజ్‌కి ప్రెషర్ ఎక్కువ.

ఇక బోరు వెయ్యడుగులు దాటిపోయింది. పాతాళంలో ఎవరైనా అపార్ట్‌మెంట్ కడుతుంటే వాళ్ల సంపుకి చిల్లు పడి ఉండాలి, అప్పుడప్పుడూ బురద వస్తోంది. ఇంకుడుగుంత కూడా ఉంది, నిబంధన కదా. అధికారులు తనిఖీకొచ్చిన రోజు అందులో కంకర, ఇసుక, పైన జాలీ, అన్నీ ఉన్నాయి. ఆ మర్నాడే దానిమీద నాపరాయి పరిచి, ఆ రాయి మీద తులసికోట పెట్టారు. ఇప్పుడు దాన్ని కదిలించమని అడిగే ధైర్యం ఎవరికుంది? బిల్డరు చదువుకున్నది పదో తరగతే అయినా మనుషుల్ని చదివినవాడు.

వేసవిలో మమ్మల్ని పోషించేది ట్యాంకర్. డ్రైవరు వచ్చి హారన్ కొడితే ఇన్ఫోసిస్‌లూ మైక్రోసాఫ్ట్‌లూ లుంగీలతో పరుగెత్తుతారు. "జల్ది పైపు పట్టుండ్రి సార్, ఎన్కల ఇంకా మూడు ఆర్డర్లున్నయ్" అంటాడు. ఆఫీసులో పాతికమందిని వరసలో నిలబెట్టే మేనేజరు గారు వంగి పైపు పట్టుకుంటారు. ట్యాంకులో నీళ్లు నిజంగా ఐదు వేల లీటర్లేనా అని ఓసారి నేనడగబోతే మా ఆవిడ చెయ్యి గిల్లింది. ఆయనకు కోపం వస్తే పక్క బ్లాకుకి వెళ్లిపోతాడు.

అయితే ఆ ట్యాంకర్ యజమానికి వానాకాలంలో ఉపాధి పోతుందని మీరు జాలిపడనక్కర్లేదు. ఆయనకు నీళ్లు తోడే డీజిల్ మోటార్లు కూడా ఉన్నాయి. మే నెలలో సంపు నింపినాయనే సెప్టెంబర్‌లో సెల్లార్ ఖాళీ చేస్తాడు. 1908లో మూసీకి వరదొచ్చి వేలమంది పోతే, ఆ తర్వాత ఈ నగరం గండిపేట జలాశయం కట్టుకుంది. 1920కి పూర్తయింది. వరదను ఆపడానికీ, దాహం తీర్చడానికీ ఒకే కట్ట పనికొచ్చింది. మా కాలనీ అంతకంటే ముందుకెళ్లింది. వరదకూ దాహానికీ కలిపి ఒక్క కాంట్రాక్టరుతో సరిపెట్టింది.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. మాదీ మునిగింది. కానీ మమ్మల్ని టీవీలో చూసి ఉండరు. కరెంటు పోయి, జనరేటర్ మునిగి, లిఫ్టు గుంతలో నీళ్లు గుడగుడలాడుతున్న వేళ ప్రెసిడెంటు గారి సందేశం వచ్చింది: "దయచేసి వీడియోలు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. మన ప్రాపర్టీ వాల్యూ మన చేతుల్లోనే ఉంది." కింద రెండు దణ్ణాలు. అప్పటికి ఆయన సొంత కారు పార్కింగ్ గళ్లు దాటి, ఎవరూ తోలకుండానే విజిటర్స్ స్లాట్‌లోకి చేరుకుంది. అందరం టార్చిలైట్లు పట్టుకుని మెట్లమీద నిలబడి చూశాం. ఒక్కరూ ఫోటో తియ్యలేదు. సరిహద్దులో సైనికులకు కూడా ఇంత నిగ్రహం ఉండదు.

పాత ఊళ్లో ఒక తాత ఉన్నాడు. కుంట ఎక్కడ నిండేదో, అలుగు ఎటు పారేదో, శిఖం భూమి ఎందాకా ఉండేదో వేలు పెట్టి చూపిస్తాడు. మా 'ఏ' బ్లాకు లిఫ్టు ఉన్నచోట తూము ఉండేదట. ఆయన ఇల్లు మాత్రం గడ్డమీద ఉంది. ఎన్ని వానలొచ్చినా అరుగు తడవదు. "మబ్బు పట్టంగనే కారు తెచ్చి మా వాకిట్ల పెట్టుకో బిడ్డా. రాత్రికి మున్నూరియ్యి చాలు" అంటాడు. మొన్న ఆరెంజ్ అలర్ట్ అనగానే ఐదొందలు చేశాడు. ఇదేం అన్యాయం తాతా అంటే, "మీ గజాలు పెరగలే?" అన్నాడు. కాలనీ మొత్తంలో మా భాష పూర్తిగా వంటబట్టింది ఆయనకే.

మా గేటుమీద ఇత్తడి అక్షరాల్లో 'లేక్ వ్యూ' అని ఉండేది. ఆ రెండు మాటలకు గజానికింత అని అదనంగా కట్టాం కూడా. 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. చెరువుల్లో కట్టినవి కూలుస్తుంటే టీవీల ముందు కూర్చుని, నీటిపారుదల ఇంజినీర్లకు తెలియాల్సిన ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుమట్టం), బఫర్ (దాని చుట్టూ వదలాల్సిన జాగా) లాంటి మాటలు ఆడాళ్లూ మగాళ్లూ పిల్లలూ వారంలో నేర్చుకున్నాం. పది హెక్టార్లు, అంటే పాతికెకరాలు, ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్ల బఫర్, అంతకు తక్కువైతే 9 మీటర్లే. చెరువు చిక్కేకొద్దీ మర్యాద కూడా చిక్కుతుందన్నమాట. అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టి, ఎవరి అభ్యంతరమూ లేకుండా, అర్ధరాత్రి వాచ్‌మన్ చేత నిచ్చెన వేయించి 'లేక్' పీకించేసింది. ఇప్పుడు గేటుమీద 'వ్యూ' ఒక్కటే ఉంది. ఎదురుగా కనిపించేది పక్క టవర్ వాళ్ల బాత్రూమ్ కిటికీలు.

ఆ టవర్ సంగతీ చెప్పాలి. 2006లో ఎఫ్ఎస్ఐ, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న హద్దు ఎత్తేసినప్పటి నుంచి రోడ్డు వెడల్పుంటే చాలు, ఆకాశానికి ఎంతదాకా అయినా వెళ్లొచ్చు. ఆ వెసులుబాటు లేని చిన్న స్థలాల వాళ్లు ఏం చేస్తారు పాపం? ఐదంతస్తులకు అనుమతి తీసుకుని, ఆరోది పెంట్‌హౌస్ అంటారు. అది తప్పు కదా అంటే, క్రమబద్ధీకరణ స్కీమ్ వస్తుంది కదా అంటారు. వస్తుంది కూడా. 2007 డిసెంబర్ 31న వచ్చింది, 2015లో వచ్చింది, 2020లో లేఅవుట్లకు మళ్లీ వస్తే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అనుమతితో కట్టినవాడికే ఏ స్కీమూ లేదు. మా పక్కింటాయన నాలుగువైపులా సెట్‌బ్యాక్ వదిలి కట్టాడు. ఆ ఖాళీలో ఇప్పుడు అటు పక్కవాళ్ల ఏసీ నీళ్లు పడుతున్నాయి.

చెత్త గురించి ఎక్కువ చెప్పను. కుండీ తీసేశారు, చెత్త పాత అడ్రసుకే వస్తోంది. వేసిన రోడ్డును తవ్వేవాళ్లు, తవ్విన రోడ్డును పూడ్చనివాళ్లు వేర్వేరు శాఖల వాళ్లు కాబట్టి ఒకరినొకరు చూసుకునే అవకాశం రాలేదు. వీటికి మేం కోపగించుకోవడం కూడా మానేశాం. కోపం బయటికి వినపడుతుంది.

ముఖ్యంగా ఆదివారాలు. ఫ్లాట్లు చూడ్డానికి జనం వచ్చేది ఆరోజే. అందుకని ట్యాంకర్లు తొమ్మిదిలోపే రావాలనీ, పదింటి నుంచి ఫౌంటెన్ వెయ్యాలనీ తీర్మానం ఉంది. ఫౌంటెన్‌కి కూడా ట్యాంకర్ నీళ్లే, దాని ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. మొన్నో జంట నిజాంపేట వైపు నుంచి వచ్చారు. మర్యాదస్తులు. ఆయన లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "అన్నా, నీళ్ల ప్రాబ్లమ్ ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"అబ్బే, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయండీ" అన్నాను.

"వానాకాలం సెల్లార్‌లోకి..."

"చుక్క రాదు."

ఆయన తృప్తిగా తలూపాడు. మర్యాద కోసం నేనూ అడిగాను, అక్కడి ఫ్లాటు ఎందుకు అమ్మేస్తున్నారని. ఆయన భార్య ముఖం చూశాడు. ఆవిడ నేల చూసింది.

"ఏం లేదన్నా, అక్కడ ఏ ప్రాబ్లమూ లేదు. బోరుకొట్టి అమ్ముతున్నం. మీ చుట్టాల్లో ఎవరన్నా చూస్తుంటే చెప్పు, రేటు దగ్గర మాట్లాడుకుందాం."