ట్రేలో పోస్తే చదువు, నేలమీద పోస్తే అల్లరి

రెండేళ్ళ బుడ్డోడు వంటింట్లోకి దూరి కందిపప్పు డబ్బా బోర్లిస్తే అది అల్లరి. "ఒరేయ్, నీకేం పోయేకాలంరా!" అని రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి కూలేస్తాం. పది నిమిషాలాగి అదే బుడ్డోడి ముందు చెక్క ట్రే పెట్టి, గుప్పెడు రాజ్మా, గుప్పెడు శనగలు కలిపి పోసి, "వేరు చెయ్యి నాన్నా" అంటే అది మాంటిస్సోరి. వాడికి తేడా తెలియక మన మొహం వంక చూస్తాడు. తెలిసే వయసొచ్చేసరికి ఎల్‌కేజీలో ఉంటాడు.

"ఇంట్లో ఉన్న వస్తువులతోనే, పైసా ఖర్చు లేకుండా" అంటూ ఊరిస్తాయి ఈ మాంటిస్సోరి ఆటల జాబితాలు. అది చదివిన తల్లి మొట్టమొదట చేసే పని ఆర్డరు పెట్టడం. మఫిన్ ట్రే కావాలట. అందులో వెయ్యడానికి రంగురంగుల ఊలు ఉండలు, వాటిని ఎత్తడానికి వెదురు పట్టకారు, అన్నీ సర్దిపెట్టడానికి అల్లిన బుట్ట. జాబితా రాసినావిడ వారం వారం మఫిన్లు కాల్చుకుంటుంది కాబట్టి ఆ ట్రే ఆవిడకు ఇంట్లో వస్తువే. మన గోడకు ఇడ్లీ రేకులు వేలాడుతున్నాయి, అటక మీద గుంటపొంగణాల పెనం ఉంది. ఒక్కో గుంటలో ఒక్కో ఉండ వెయ్యడమే విద్య అయితే, ఆ పెనాన్ని మించిన విశ్వవిద్యాలయం ఏముంది? కానీ నల్లగా మాడిన పెనం ఫొటోలో బాగుండదు.

పోపుల డబ్బా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క మూత కింద ఏడు గిన్నెలు. ఎండుమిరపకాయలు తీసి అవతల పెడితే మిగిలినవన్నీ పిల్లాడి పాఠాలే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు... ఒక్కోదానికీ ఒక్కో రంగు, వాసన, ఒక్కోటి వేళ్ళ మధ్య ఒక్కోలా జారుతుంది. దాని జోలికి పోనిస్తామా? పసుపు మరక పడితే సోఫా కవరు ఏమైపోవాలి! అందుకని ఆరువందలు పోసి "వాసన సీసాల సెట్టు" తెప్పించి, పోపుల డబ్బాని పై అరలోకి ఎక్కిస్తాం.

రంగు బియ్యం అని ఇంకోటుంది. కిలో బియ్యానికి నీలం రంగు పట్టించి, ఆరబెట్టి, తొట్టెలో పోసి, పిల్లాణ్ణి అందులో దించడం. అన్నం మెతుకు తొక్కితే కళ్ళకద్దుకునే నాయనమ్మ అదే హాల్లో కూర్చుని ఈ సముద్రాన్ని చూస్తుంటుంది. ఆటకు పట్టేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం రాత్రి పదకొండింటికి రంగు కలిపిందీ అమ్మే, తర్వాత సోఫా కింద, టీవీ వెనక గింజలు ఏరేదీ అమ్మే, లేదా పనమ్మాయి. "ఖర్చు లేని" అన్నప్పుడు ఈ కూలి ఎవరి ఖాతాలోనూ పడదు. నాన్నగారు ఆఫీసు నుంచే వీడియో చూసి హార్టు గుర్తు పెడతారు. అదీ సహకారమే.

గింజల గురించి ఒక్కమాట, ఇందులో వేళాకోళం లేదు. మూడేళ్ళలోపు పిల్లల చేతికి గింజలిచ్చి ఫోను పట్టుకోవడం ప్రమాదం. గింజ ముక్కులోకి పోతే తడికి ఉబ్బుతుంది, గొంతులో అడ్డం పడితే ఊపిరే ఆడదు. పక్కన ఓ మనిషి కూర్చుని, కళ్ళు పిల్లాడి మీదే పెట్టాలి, కెమెరా మీద కాదు.

ఇంతకీ ఈ పద్ధతికి పేరిచ్చిన మరియా మాంటిస్సోరి దీన్ని మొదలుపెట్టింది ఎక్కడ? 1907 జనవరి 6న, రోములో, శాన్ లొరెంజో అనే కూలీల పేటలో. పెద్దలు పనికి పోతే పిల్లలు మెట్ల మీదా గోడల మీదా పడి పాడుచేస్తున్నారని, ఆ మేడలు బాగుచేయించిన సంస్థవాళ్ళు ఓ గది ఇచ్చారు. అదీ మూలకథ: అపార్టుమెంటు గోడలు కాపాడుకోవడం! అక్కడ మంచి మంచి బొమ్మలు కూడా పెట్టి చూసింది ఆవిడ. పిల్లలు వాటివైపు పోలేదు. చేతులు కడుక్కోవడం, బల్ల తుడవడం, వడ్డించడం వంటి అసలు పనులంటే ఎగబడ్డారు. ఉత్తుత్తి పనులు కావవి. తుడిస్తే బల్ల నిజంగా శుభ్రమయ్యేది, వడ్డిస్తే ఎవరో నిజంగా తినేవారు. మనం మాత్రం ఎవరూ తినని శనగలు, మళ్ళీ కలిపెయ్యడానికే, వేరు చేయిస్తాం.

తక్కువ ఖర్చుతో చేయడం కూడా మనకు కొత్తేం కాదు. తారాబాయి మోదక్ అనే ఆవిడ 1945లో ముంబైకి ఉత్తరాన ఉన్న బోర్డీలోనూ, తర్వాత కోస్బాడ్‌లోనూ ఈ పద్ధతినే పేద పిల్లల కోసం చుట్టుపక్కల దొరికే వస్తువులతో నడిపింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయింది. ఏమీ లేనివాళ్ళ కోసం పుట్టిన పొదుపు ఇప్పుడు అన్నీ ఉన్నవాళ్ళ అలంకారమైంది. మన పనమ్మాయి నాలుగేళ్ళ కూతురు వెనక మెట్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే దాన్ని "ఫైన్ మోటార్ స్కిల్స్" అనరెవరూ. "పాపం" అంటారు, ఒలిచింది తీసుకుంటారు.

"ఇవన్నీ మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు" అని వాట్సాప్‌లో విజయగర్వంతో ఫార్వర్డు చేసే బాబాయిలు కూడా కాస్త ఆగాలి. అమ్మమ్మ చేటలో బియ్యం పోసిచ్చింది నిజమే, ఆడపిల్లకి. మనవడికి మంచినీళ్ళు సైతం ఆ ఆడపిల్ల చేతే పంపింది. ఆ వైభవం ఫలితాలు ఈ రోజుకీ డైనింగు టేబుల్ ముందు కూర్చుని "గ్లాసేదీ?" అంటున్నాయి.

ఆ మాటకొస్తే, 1939 నవంబరులో మాంటిస్సోరే మద్రాసులోని అడయారుకొచ్చింది, దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద. కొన్నాళ్ళుండి పోదామనుకుంటే, మరుసటేడు ఇటలీ యుద్ధంలో దిగడంతో తెల్లదొరల లెక్కలో శత్రుదేశస్తురాలైపోయి 1946 దాకా ఇక్కడే ఉంది. వందలమంది మనవాళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్నారు. పిల్లాడు పనిలో మునిగి ఉంటే మధ్యలో కదిలించొద్దు, మెచ్చుకోలుకైనా సరే అని ఆవిడ మొత్తుకుంది. మనింట్లో పిల్లాడు మూడో గింజ వేశాడో లేదో, "సూపర్ రా కన్నా! ఇటు చూడు! ఏ కలర్? ఏ కలర్ నాన్నా? చెప్పు అత్తకి!" వాడు గింజ వదిలేసి అత్తకి కలర్ చెప్తాడు.

మాంటిస్సోరి ఓసారి పిల్లలకు ముక్కు చీదుకోవడం పాఠం చెప్పింది. రుమాలు ఎలా పట్టాలో, చప్పుడు లేకుండా ఎలా తుడుచుకోవాలో చేసి చూపించింది. పిల్లలు కళ్ళార్పకుండా చూసి, అయ్యాక చప్పట్లు కొట్టారట. అంతదాకా అందరూ వాళ్ళను "ఛీ, ముక్కు!" అని తిట్టినవాళ్ళే, నేర్పినవాళ్ళు లేరు. ఈ పాఠానికి ట్రే అక్కర్లేదు, బుట్ట అక్కర్లేదు. పాత లుంగీ చింపితే నాలుగు రుమాళ్ళు వస్తాయి. దీన్ని రీలు తీసి పెట్టండి, ఎన్ని హార్టులొస్తాయో చూద్దాం.