గడువు దాటినవాడి పద్యం: టీక, తాత్పర్య, విశేష సహితం

అవతారిక

ధర్మపురిలో పద్యం పుట్టడానికి పెద్ద కారణం అక్కరలేదు. గోదారి ఉంది, నరసింహుడు ఉన్నాడు, ఆయన మీద సీసాలలో శతకం చెప్పిన శేషప్ప తిరిగిన వీధులు ఉన్నాయి. అయినా ఈ కింది పద్యం పుట్టింది గుడి మెట్ల మీద కాదు. ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో, జిరాక్స్ మిషన్ పక్కన, ఒక కాలు వంగిన ప్లాస్టిక్ కుర్చీలో. కాలం 2025 డిసెంబరు 30, ముక్కోటి ఏకాదశి. కర్త రిటైరైన తెలుగు పండితుడొకడు. వ్యాఖ్యాత వాడే. మూడేండ్లుగా ఆదాయపన్ను రిటర్న్ వేయని ముద్దాయి కూడా వాడే.

మన మెదక్ జిల్లా కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు. ఉంటే జూలైలోనే రిటర్న్ వేసి కూర్చునేవాడు.

మూలం (ఆటవెలది)

గడువు దాటె నంచు గాబరా పడనేల
నాల్గు వత్సరముల నాటి దాక
పాత లెక్క దిద్ద పత్రము గలదయ్య
పన్ను మీద పన్ను పడును గాని

ప్రతిపదార్థం

గడువు = ఆఖరి తేదీ (మామూలుగా జూలై 31; 2025లో సెప్టెంబరు 15కు జరిగి, మరొక్క రోజు సాగి 16న ఆగినది);
దాటెన్ అంచు = దాటిపోయిందని;
గాబరా పడన్ ఏల = కంగారు పడటం ఎందుకు? (ఇలా అడిగేవాడికి అప్పటికే గాబరా పట్టుకుందని ధ్వని);
నాల్గు వత్సరముల నాటి దాక = నలభై ఎనిమిది నెలల వరకు (ఎప్పటినుంచి లెక్క అన్నది ముందుంది);
పాత లెక్క = వేయక విడిచిన, లేదా తప్పుగా వేసిన రిటర్న్‌ను;
దిద్దన్ = సరిచేసుకోవడానికి;
పత్రము = ఐటీఆర్-యు అనే ఫారం (2022 ఫైనాన్స్ చట్టంతో పుట్టినది; పుట్టినప్పుడు ఆయుష్షు రెండేండ్లు, 2025లో నాలుగేండ్లు చేశారు);
కలదు అయ్య = ఉన్నది నాయనా;
పన్ను మీదన్ పన్ను = కట్టాల్సిన పన్నునూ దాని వడ్డీనీ కలిపి, ఆ మొత్తం మీద మళ్ళీ వేసే అదనపు పన్ను;
పడును గాని = పడుతుంది సుమా!

తాత్పర్యం

ఓ ఆలస్యపరుడా! గడువు తప్పిందని దిగులు పడకు. సర్కారు దయగలది. నాలుగేండ్లపాటు నీకోసం తలుపు తీసే ఉంచుతుంది. లోపలికి వచ్చేటప్పుడు కొంత సొమ్ము చేతిలో పట్టుకొని రా.

ఛందోవిశేషం

శేషప్ప సీసం ఎంచుకున్నాడు, తీరిక ఉంది కాబట్టి. వ్యాఖ్యాతకు మరునాటి అర్ధరాత్రితో గడువు. అందుకే ఆటవెలది. చివరి పాదంలోని "గాని" పాదపూరణకు వేసింది కాదు. పద్యంలో మొత్తం ఖర్చు ఆ రెండక్షరాల్లోనే ఉంది.

ఋషి, దేవతాది విచారం

ఈ ఆదాయపన్ను మహామంత్రానికి ఋషి జేమ్స్ విల్సన్. 1857 తిరుగుబాటు మిగిల్చిన అప్పుల కోసం 1860లో దీన్ని దర్శించి, ఆ ఆగస్టులోనే కలకత్తాలో కన్నుమూశాడు. ఛందస్సు ఐటీఆర్, బీజం పాన్, శక్తి ఆధార్, కీలకం ఓటీపీ, రిఫండ్ సిద్ధ్యర్థే జపే వినియోగః. నిజాం ఇలాకాలో ఉన్న మాకు భారత ఆదాయపన్ను చట్టం ఉపదేశమైంది 1950 ఏప్రిల్ 1న. ఆ లెక్కన మా ఆలస్యానికి తొంభై ఏండ్ల సంప్రదాయం ఉంది.

"వత్సరము" అను పదముపై చర్చ

ఏడు ఉగాదికి మారుతుందని పంచాంగం, జూన్‌లో మారుతుందని బడి, ఏప్రిల్ 1న మారుతుందని పన్ను శాఖ. అంతటితో పోలేదు. 1961 చట్టంలో సంపాదించిన ఏడు వేరు, దాన్ని లెక్కగట్టే మదింపు ఏడు వేరు. పోయిన తిథి ఒకటైతే తద్దినం మరో ఏడు పెట్టినట్టు. 2022-23లో సంపాదిస్తే మదింపు సంవత్సరం 2023-24. పద్యంలోని నాలుగేండ్లు మొదలయ్యేది అది ముగిశాక. అంటే 2024 మార్చి 31 నుంచి 2028 మార్చి 31 దాకా. ఈ ద్వైతం భరించలేకే కాబోలు, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకున్న కొత్త చట్టం "పన్ను సంవత్సరం" అని ఒకటే పేరు పెట్టి అద్వైతం ప్రకటించింది. పాత పాపాలకు మాత్రం పాత చట్టమే.

"పన్ను మీద పన్ను"కు ఉదాహరణ

ఆ నాలుగేండ్లలో మొదటి ఏడాదే వస్తే అదనం 25 శాతం, రెండో ఏట 50, మూడో ఏట 60, నాలుగో ఏట 70. ఇక్కడ వ్యాఖ్యాత తన చర్మాన్నే ఉదాహరణగా పరుస్తున్నాడు. 2022-23లో ఒక ఇంటిజాగ అమ్మితే, కోతలన్నీ పోను ఇంకా కట్టాల్సిన పన్ను 20,000 తేలింది. నెలకు ఒక శాతం చొప్పున 2023 ఆగస్టు నుంచి 2025 డిసెంబరు దాకా 29 నెలల వడ్డీ 5,800. రెండూ కలిపి 25,800. రెండో ఏడు నడుస్తోంది గనుక అందులో సగం, 12,900. రిటర్నే వేయలేదు కాబట్టి ఆలస్య రుసుం 5,000. వెరసి 43,700.

మా తాతల కాలంలో దొర దగ్గర వడ్లు నాగుకు తెస్తే పుట్టికి పుట్టిన్నర కొలిచి ఇవ్వాలి. నాగు పద్ధతి పోయిందని పిల్లలకు పాఠం చెప్పినవాడిని నేనే. పోలేదు, ఫారం మారింది.

చిత్రగుప్త న్యాయం

ధర్మపురికి వస్తే యమపురి తప్పుతుందని మా ఊరి నానుడి. యముడంతటివాడే ఇక్కడ గోదావరిలో మునిగి నరసింహుణ్ణి దర్శించుకొని ఊరట పొందాడని స్థలపురాణం. స్వామి గుడి ప్రాంగణంలోనే యముడికీ గుడి ఉంది. గండదీపంలో నూనె పోసి దండం పెట్టుకుంటాం. ఆయన చిట్టా రాసేవాడి సంగతి మాకు చిన్నప్పటినుంచీ తెలుసు కనుక, ఆన్‌లైన్ సెంటర్ పిలగాడు తెర మీద వార్షిక సమాచార నివేదిక తెరిచినప్పుడు వ్యాఖ్యాతకు ఆశ్చర్యం కలగలేదు. ఏ బ్యాంకులో ఎంత డిపాజిట్, మీద ఎంత వడ్డీ, అందులో ఎంత టీడీఎస్ కోశారు, అంతా ఉంది. జాగ అమ్మిన తేదీ కూడా.

ఆశ్చర్యం తర్వాత కలిగింది.

పూర్వపక్షం

మూడేండ్ల లెక్కలు వరుసగా తీశాం. మొదటి ఏడు పైన చెప్పిన జాగ ఏడు. తర్వాతి రెండేండ్లు పింఛను ఏడాదికి ఐదు లక్షలు, డిపాజిట్ వడ్డీ లక్షా ఇరవై వేలు. కొత్త పద్ధతిలో ఆదాయం ఏడు లక్షల లోపే గనుక పన్ను సున్నా. కానీ బ్యాంకువాళ్ళు పది శాతం చొప్పున ఏటా 12,000 ముందే కోశారు. 15హెచ్ ఫారం ఇచ్చి ఉంటే ఆ కోతే ఉండేది కాదు. ఆ ఫారం అప్పట్లో నిఘంటువు మధ్యలో బుక్‌మార్కుగా ఉద్యోగం చేస్తోంది.

"సారూ, ఈ ఏటిది రేపటిదాకా ఏయొచ్చు. ఆలస్య రుసుం ఐదు వేలు పోను ఏడు వేలు వాపసొస్తయ్" అన్నాడు పిలగాడు.

"మరి నడిమి ఏటిది? 2023-24ది? దానికి నాలుగేండ్లున్నయ్ గదా" అని వ్యాఖ్యాత తన పద్యం చదివి వినిపించాడు.

పిలగాడు శ్రద్ధగా విన్నాడు. "పద్యం మంచిగున్నది సార్. గని గది బాకీ ఉన్నోళ్ళ కోసం. మీకు సర్కారే బాకీ ఉన్నది. యు ఫారంల రిఫండ్ అడగరాదు."

"గదేంది బిడ్డా, తప్పు చేసినోడికి నాలుగేండ్లు, రావల్సినోడికి..."

"రావల్సినోడికి మదింపు ఏడాదిల డిసెంబర్ 31. ఆ గడువు ఎప్పుడో పోయింది."

వ్యాఖ్యాత నోరు మూతపడింది. నలభై ఏండ్లు ప్రతిపదార్థాలు చెప్పినవాడు "పాత లెక్క దిద్ద" అన్నచోట ఎవరి లెక్క అని అడగలేదు. చట్టం ఆ పదానికి ఒకే అర్థం చెబుతుంది. సర్కారుకు వచ్చేది పెరిగితేనే దిద్దుబాటు, తగ్గితే కాదు. నష్టం చూపాలన్నా, రిఫండ్ కావాలన్నా, పెంచుకోవాలన్నా ఆ ఫారం పనికిరాదు.

ఇక్కడే చిత్రగుప్తుడికీ పన్ను శాఖకూ తేడా. అక్కడ పుణ్యం చిట్టాలో పడితే చాలు, అడగకున్నా దక్కుతుంది. ఇక్కడ నా 12,000 కోసినట్టు వాళ్ళ నివేదికలోనే ఉంది, పాన్ నంబరుతో సహా. అయినా నేను గడువులో అడగాలి. పాపం వాళ్ళే లెక్కగట్టుకుంటారు, పుణ్యానికి మాత్రం దరఖాస్తు కావాలి.

సమాధానం

దారి బొత్తిగా లేదా అంటే, సందు ఒకటుంది. 119వ సెక్షన్ కింద, ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిశాక ఐదేండ్ల దాకా వీలుంది. కోటి రూపాయల లోపు సొమ్మయితే ప్రిన్సిపల్ కమిషనర్ చూస్తారు. నిజమైన కష్టం వల్లే ఆలస్యమైందని నమ్మించాలి. మన్నిస్తే అసలు వస్తుంది, వడ్డీ రాదు. నా దగ్గర 29 నెలల వడ్డీ పట్టిన చేయి, నాకిచ్చేటప్పుడు ఒక్క నెలదీ ఇవ్వదు.

"కష్టం అన్న కాడ ఏం రాయాలె సార్?" అని పిలగాడు అడిగాడు. బద్ధకానికి పర్యాయపదాలు అమరంలో ఉన్నాయి గాని, వాటిలో ఏదీ కష్టం కిందికి రాదు.

కీలకం

రిటర్న్ వేశాక ముప్పై రోజుల్లో ధ్రువీకరించకపోతే వేయనట్టే. ధ్రువీకరణకు ఓటీపీ. అది ఆధార్‌కు కలిపిన నంబరుకు వస్తుంది. ఆ నంబరు సిమ్ము మస్కట్‌లో ఉంది, కొడుకు దగ్గర. మా దిక్కు ఇండ్లల్లో సగం కీలకాలు గల్ఫ్‌లోనే ఉంటాయి. వాట్సాప్‌లో ఫోన్ చేస్తే వాడు డ్యూటీలో ఉన్నాడు.

"బాపూ, ఉండు, జర బయటికి పోయి చూస్త."

పిలగాడు తెర చూస్తున్నాడు, వ్యాఖ్యాత పిలగాడి ముఖం చూస్తున్నాడు. ఆరు అంకెలు సముద్రం దాటి వచ్చాయి. మూడోది ఏడా, ఒకటా అని మళ్ళీ అడిగి, మొత్తానికి కొట్టాం. ఈ ఏటి రిటర్న్ ఒడ్డెక్కింది.

ప్రతిపద్యం

ఆ తెల్లవారుజామునే వ్యాఖ్యాత చలిలో బారులో నిలబడి, గుడిలో ఉత్తర ద్వార దర్శనం చేసుకొని వచ్చాడు. వైకుంఠ ద్వారం 30న తెరిచారు. రిఫండ్ ద్వారం 31న మూస్తారు. రెండూ ధనుర్మాసంలోనే, రోజు తేడాతో. కనుక మొదటి పద్యం సగం నిజమే అని ఒప్పుకొని, మిగతా సగం ఇలా పూరించడమైనది:

బాకి పడ్డ వాని బాట తెరచి యుండు
నాల్గు వేసవులును నాల్గు చలులు
తనకు రావలసిన ధనమును గోరిన
తలుపు మూసి పోవు ధనువు నెలనె

దీనికి టీక అక్కరలేదు.

ఫలశ్రుతి

ఈ రెండు పద్యాలను జూలైలో చదివినవారికి కోసిన టీడీఎస్ పూర్తిగా వాపసు. డిసెంబరులో చదివినవారికి ఆలస్య రుసుం పోను మిగిలినది వాపసు. జనవరిలో చదివినవారికి సాహిత్యానందం.