పొదుపు గృహస్థు

పొదుపు గృహస్థు నగరాల్లోని రెండు పడగ్గదుల ఫ్లాట్లలో విరివిగా కనిపిస్తాడు. వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. ఆలుమగలిద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, తీరని ఇంటి అప్పు ఒకటి. ఇక్కడ వర్ణిస్తున్నది హైదరాబాదు రకం. విజయవాడ, విశాఖ రకాలకూ దీనికీ కరెంటు స్లాబుల్లో తప్ప పెద్ద తేడా లేదు. పిసినారితో మాత్రం ఈయన్ని కలపకూడదు. పిసినారి ఖర్చే పెట్టడు. ఈయన పెడతాడు, పెట్టిన ప్రతిసారీ ఎంత మిగిలిందో ఇంటిల్లిపాదికీ చెబుతాడు.

ఆనవాళ్లు ఇంట్లో అడుగుపెట్టగానే తెలుస్తాయి. వంటింటి తలుపు వెనక మేకుకు ఒక పెద్ద క్యారీబ్యాగు, దాని నిండా చిన్న క్యారీబ్యాగులు వేలాడుతుంటాయి. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం డబ్బా కనిపించినా పిల్లలు ఆశపడరు. అందులో ఉండేది అల్లంవెల్లుల్లి ముద్దని వాళ్లకు మాటలు రాకముందే తెలుసు. శుభలేఖల వెనకవైపు సరుకుల చిట్టాలవుతాయి, అటువైపు వధూవరుల పేర్లు, ఇటువైపు అరకిలో చింతపండు. అరిగిన సబ్బు ముక్క కొత్త సబ్బుకు అంటుకుని ఇంకో వారం బతుకుతుంది. టూత్‌పేస్టు గొట్టాన్ని ముందు వేళ్లతో, తరవాత చపాతీ కర్రతో, చివరికి కత్తెరతో లొంగదీస్తారు.

ఈయన ప్రతాపమంతా కరెంటు దగ్గర చూడాలి. తెలంగాణలో ఇళ్లకు 200 యూనిట్లు లక్ష్మణరేఖ. నెల వాడకం అది దాటితే పైన వాడిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్లకు కూడా ధర పెరుగుతుంది. 2024 నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన తెల్లకార్డు ఇళ్లకు ఆ గీత లోపల బిల్లే లేదు. ఈయనకు ఆ కార్డు రాదు. రాలేదన్న కడుపుమంటను స్విచ్చుల మీద తీర్చుకుంటాడు. చదువుకుంటున్న పిల్ల మంచినీళ్లు తాగి వచ్చేసరికి గది చీకటైపోతుంది. నెలాఖరులో రోజుకు రెండుసార్లు మెట్లు దిగి మీటరు చూసి వస్తాడు. స్టారు గుర్తున్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా ఉండాలని 2020 నుంచి కేంద్రం నిబంధన అమల్లోకి తెచ్చింది. ఈయన ఇంట్లో ఏసీ 27 కిందికి దిగదు, రాత్రి పన్నెండు దాటాక పూర్తిగా ఆగిపోతుంది.

విచిత్రమేమిటంటే, ఇంత చేసే మనిషి పడగ్గదిలో పాత జీరో బల్బు తెల్లవార్లూ వెలగనిస్తాడు. పేరులోనే సున్నా ఉంది కదా అని ధీమా. నిజానికి ఆ పాతకాలపు బుడ్డి బల్బు పన్నెండు నుంచి పదిహేను వాట్లు తింటుంది. హాలు మొత్తానికి వెలుతురిచ్చే ఎల్‌ఈడీకి తొమ్మిది చాలు. ఫ్యాను కథా ఇంతే. పాత రకం ఫ్యానుకు 75 వాట్లు కావాలి, బీఎల్‌డీసీ రకానికి 30 చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానును మారిస్తే నెలకు దాదాపు 20 యూనిట్లు తగ్గుతాయి. కానీ ఆ ఫ్యాను మామగారు గృహప్రవేశానికి ఇచ్చింది, ఇంకా తిరుగుతోంది. తిరుగుతున్న దాన్ని మార్చడం ఈయన ధర్మశాస్త్రంలో దుబారా.

ఆదివారం తెల్లారకముందే స్కూటరు తీసి రైతుబజారుకు పోతాడు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన ఈ బజార్లలో ధరల బోర్డు ఉంటుంది. ఆ బోర్డును ఫొటో తీసి భార్యకు పంపడం ఈయనకు ఆనవాయితీ. వీధి చివర బండివాడి కంటే కిలో టమాటా ఆరు రూపాయలు తక్కువని తేలుతుంది. దారిలో పోయించుకున్న పెట్రోలు లెక్కలోకి రాదు. అది కూడా వందకు కాదు, నూటపదికి పోయించుకుంటాడు. రౌండు ఫిగరుకు బంకులో కొలత తగ్గుతుందని నమ్మకం. చవగ్గా దొరికిందని ఐదు కిలోలు తెస్తాడు. బుధవారానికి సగం మెత్తబడతాయి. ఆ సగాన్ని పచ్చడి పెట్టే పని, ఆఫీసు నుంచి వచ్చాక, ఇల్లాలిది.

ఆ ఇంట్లో మిగిలే డబ్బులో పెద్ద భాగం నిజానికి ఆవిడ చేతిలోనే మిగులుతుంది. బీరకాయ కూరకు, పొట్టు పచ్చడికి పోతుంది. పులిసిన దోసెల పిండి సాయంత్రానికి పునుగులవుతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోరై క్యారేజీల్లోకి వెళ్తుంది. పప్పు అరగంట ముందు నానుతుంది, అన్నం, పప్పు ఒకే కుక్కర్లో గిన్నె మీద గిన్నెగా ఉడుకుతాయి. నీళ్లు మరిగాక మంట పెంచినా ఉడుకు త్వరపడదని తెలుసు గనక స్టవ్వు సిమ్ములోకి వస్తుంది. 14.2 కిలోల సిలిండరు పక్కింటి కంటే పది రోజులు ఎక్కువ వస్తుంది. దీని గురించి ఆవిడ ఎవరికీ చెప్పదు, చెప్పే తీరికా లేదు. ఆఫీసులో వేసిన చీటీ సంగతి కూడా, స్కూలు ఫీజు కట్టే వారంలో పాట పాడి డబ్బు తెచ్చేదాకా, ఈయనకు తెలియదు.

కొత్తిమీర కొన్నచోట కరివేపాకు కొసరు పెట్టించుకోకుండా కదలని ఈ గృహస్థు బంగారం కొట్లో మాత్రం మెత్తబడతాడు. అక్షయ తృతీయ రద్దీలో తరుగు ఎంత శాతమో, మజూరీ ఎంతో కొట్టువాళ్లు గడగడా చెబుతుంటే తలూపుతాడు. రాళ్ల బరువు తీసేసి తూచారా అని ఆవిడే అడగాలి. పైన మూడు శాతం జీఎస్టీ కూడా కిక్కురుమనకుండా కట్టేస్తాడు. తీరా మెట్లు దిగబోతూ మళ్లీ వెనక్కి వెళ్లి, నగతోపాటు ఇచ్చిన గుడ్డసంచీ లాంటిది ఇంకొకటి ఉంటే ఇమ్మని అడుగుతాడు.